గీత దాటాక పడిపోయే అమ్మాయి



మన ఇళ్ళలో పిల్లలకు పెద్ద జబ్బు ఏదైనా వస్తే ముందు మానిపించేది ఆటలు. ఆ తరువాత డ్యాన్సు క్లాసు. లెక్కల ట్యూషన్ మాత్రం ఆగదు, అది వేరే సంగతి. ఇలా మానిపించడం ఎప్పుడు అవసరం, ఎప్పుడు మన భయం మాత్రమే? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు కేలా మాంట్‌గొమెరీ గుర్తుకొస్తుంది.

నార్త్ కెరొలైనాలోని విన్‌స్టన్-సేలంలో మౌంట్ టేబర్ హైస్కూల్ అని ఒక బడి ఉంది. 2014లో కేలా ఆ బడి తరఫున 3,200 మీటర్ల పరుగులో రాష్ట్ర ఛాంపియన్ అయింది. పట్టిన సమయం 10 నిమిషాల 43 సెకన్లు. అయితే పందెం పూర్తయ్యేసరికి ఆమెకు కాళ్ళలో స్పర్శ ఉండేది కాదు. గీత దాటి ఆగగానే కుప్పకూలిపోయేది. అందుకని కోచ్ పాట్రిక్ క్రామ్‌వెల్ గీతకు అవతల చేతులు చాచి నిలబడేవారు. పడబోతున్న పిల్లను పట్టుకుని, ఎత్తుకుని పక్కకు తీసుకెళ్ళేవారు. ఒళ్ళు చల్లబరిస్తే కాసేపటికి కాళ్ళు మళ్ళీ స్వాధీనంలోకి వచ్చేవి.

ఆమెకు ఉన్నది మల్టిపుల్ స్క్లెరోసిస్, క్లుప్తంగా ఎమ్మెస్ అంటారు. 15 ఏళ్ళ వయసులో, సాకర్ ఆడే రోజుల్లో బయటపడింది. మన ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరపాటున మన నరాల మీదే దాడి చేయడం ఈ జబ్బు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాలకు మయలిన్ అనే కొవ్వుపొర ఉంటుంది. అది అక్కడక్కడ ఊడిపోతుంది. తొడుగు పోయినచోట సంకేతం ఎలాగో ఈడ్చుకుంటూ వెళుతుంది. ఒంట్లో వేడి పెరిగితే ఆ కాస్తా ఆగిపోతుంది. అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా చాలు.

దీన్ని 1890లో విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు గమనించాడు. శ్రమపడ్డాక కొందరు రోగులకు చూపు మసకబారేది. ఆయన అది శ్రమ వల్లే అనుకున్నాడు. అసలు కారణం వేడి అని తరువాతివాళ్ళు తేల్చారు. ఈలోగా దశాబ్దాల తరబడి ఎమ్మెస్ రోగులకు "కదలకండి, విశ్రాంతి తీసుకోండి" అనే సలహానే దొరికింది. ఇప్పుడు మాత్రం డాక్టర్లు వ్యాయామం చేయమంటున్నారు. వేడి వల్ల వచ్చే ఈ తిమ్మిరి తాత్కాలికమే, దానివల్ల జబ్బు ముదరదు.

కేలా పట్టుదల గొప్పదే, కాదనను. అయితే ఆ పట్టుదల వెనక డాక్టరు అనుమతి ఉంది, విషయం పూర్తిగా తెలిసిన కోచ్ ఉన్నారు. ఆయనకు తెలియకపోతే గీత దగ్గర పట్టుకునేదెవరు? మన దగ్గర చిక్కంతా ఇక్కడే వస్తుంది. "నలుగురికీ తెలిస్తే రేపు పెళ్ళి సంబంధాలకు అడ్డం" అని పదిహేనేళ్ళ పిల్ల జబ్బును బడికి కూడా చెప్పని ఇళ్ళున్నాయి. అది పిల్లను కాపాడటం కాదని నా అభిప్రాయం.

ఎమ్మెస్ తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదులే అనుకోవడానికీ లేదు. భారతదేశంలో ఇది తక్కువే. కానీ బ్రిటన్‌లో వలస కుటుంబాల మీద జరిగిన పరిశీలనల్లో, అక్కడే పుట్టిన పిల్లల్లో ఇది తల్లిదండ్రుల తరంలో కంటే ఎక్కువగా కనబడింది.

ఇంకో మాట. కేలా కథ విని ఏ జబ్బుతోనైనా పరుగెత్తవచ్చనుకోకండి. గుండె కండరానికి వాపు వచ్చిన పిల్లలను మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పోటీ ఆటలకు దూరంగా ఉంచుతారు. గుండె కండరం మందంగా ఉండే జబ్బులో మైదానంలోనే ప్రాణం పోవచ్చు. అక్కడ పంతం పనికిరాదు. కనుక డాక్టరును "ఆడొచ్చా?" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. "ఆడితే ఏమవుతుంది? అది తాత్కాలికమా, శాశ్వతమా? ఏ గుర్తు కనబడితే వెంటనే ఆపాలి?" అని కూడా అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకుని కోచ్‌కు ఒక ప్రతి ఇవ్వండి.

కేలా హైస్కూల్ అయ్యాక నాష్‌విల్‌లోని లిప్స్‌కమ్ యూనివర్సిటీలో చేరి అక్కడా పరుగెత్తింది.

అమెరికాలో ఉన్న శ్రోతలకు చివరగా ఒక విషయం. 1973 నాటి పునరావాస చట్టంలో 504 అనే సెక్షన్ ఉంది. దాని కింద పబ్లిక్ స్కూళ్ళు ఇలాంటి పిల్లలకు తగిన ఏర్పాట్లు చేయాలి. అది క్లాసు గదికే పరిమితం కాదు, ఆటలకూ వర్తిస్తుందని 2013లో విద్యాశాఖ బడులకు లేఖ రాసి మరీ గుర్తుచేసింది. స్కూల్ కౌన్సెలర్‌ని "504 ప్లాన్ కావాలి" అని అడగవచ్చు. నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో అడగండి, తేదీతో సహా రికార్డు ఉంటుంది.