క్లచ్ పూర్తిగా విడవకపోతే...



మన హాస్టల్‌లో డ్రైవర్ల పిల్లలు చాలామందిమి ఉన్నాం. మా నాన్న కూడా వ్యాను డ్రైవరే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. ఒక వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లేసరికి నాన్న దిగులుగా కూర్చున్నాడు. వ్యానుకు గేరు పడటం లేదు. "క్లచ్ మీద కాలు పెట్టి నడిపి ప్లేటు అరగదీశావు, ఖర్చు జీతంలో కోస్తా" అన్నాడట ఓనరు.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది. ఇంజను అరుస్తుంది గానీ బండి ఎత్తు ఎక్కదు. నాన్న బండి సంగతి వేరు. పెడల్ చివరిదాకా తొక్కినా రివర్స్ గేరు గరగరమనేది. కాలు తీయకముందే బండి కదిలేది. అంటే ప్లేటు పూర్తిగా విడవడం లేదు.

హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను పైపులోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి గేర్‌బాక్సు దగ్గరున్న స్లేవ్ సిలిండర్ కడ్డీ ముందుకు వచ్చి ఫోర్కును తోస్తుంది. ఫోర్కు బేరింగును నొక్కితే ప్రెషర్ ప్లేటు జరిగి క్లచ్ ప్లేటు విడుతుంది. మనం మార్కుల కోసం బట్టీపట్టిన పాస్కల్ నియమం ఇదే. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. అందుకే పైపులో గాలి చేరినా, ఆయిల్ కారినా కడ్డీ పూర్తిగా కదలదు.

ఈ వరుసలో చూడండి:

1. పెడల్ కింద మ్యాట్ అడ్డుపడుతోందా? పెడల్‌కు ఆట ఎక్కువైందా?
2. డబ్బాలో ఆయిల్ తగ్గిందా? తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే అనుకోండి. కొన్ని బండ్లలో బ్రేకులకూ అదే డబ్బా, నిర్లక్ష్యం వద్దు.
3. పెడల్ మెత్తగా ఉండి, నాలుగైదుసార్లు కొడితే గట్టిపడుతుంటే గాలి చేరినట్టు.
4. తొక్కి పట్టుకున్నా పెడల్ మెల్లగా దిగిపోతూ, బయటెక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరును అనుమానించాలి.
5. స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తండి. లోపల ఆయిల్ తడి ఉంటే దాని వాషరు పోయింది.
6. ఇవన్నీ బాగుండి, కడ్డీ పూర్తిగా కదులుతున్నా గేరు పడకపోతేనే గేర్‌బాక్సు దించాలి.

మాకు అయిదో మెట్టులోనే దొరికింది. తొడుగు తడిసి ఉంది. ఓనరును పిలిచి చూపించాం. మెకానిక్ వాషర్ల కిట్ వేశాడు. తర్వాత గాలి తీశాం. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, నాన్న పెడల్ తొక్కి పట్టుకుంటే మేము కింద నిపుల్ వదులు చేశాం. బుడగలతో ఆయిల్ వచ్చింది. నిపుల్ బిగించాకే నాన్న కాలు తీశాడు. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, డబ్బా ఖాళీ కాకుండా ఆయిల్ పోస్తూ ఉన్నాం. మూత మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే వాడాలి. ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

ప్లేటు మార్చలేదు. నాన్న జీతం కోతపడలేదు. తమ్ముళ్లారా, మనవాళ్ల మీద నింద పడినప్పుడు, అది నిజమో కాదో తనిఖీ చేసి చూపడానికైనా మన చదువు అక్కరకు రావాలి.