నాలుగు కడ్డీల కిట్‌క్యాట్

కిట్‌క్యాట్ పుట్టిల్లు ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం. అక్కడ 1862లో హెన్రీ ఐజాక్ రౌన్‌ట్రీ ఒక కోకో వ్యాపారాన్ని కొన్నాడు. ఏడేళ్ల తరవాత అన్న జోసెఫ్ కూడా వచ్చి చేరాక ఆ వ్యాపారం నిలదొక్కుకుంది. రౌన్‌ట్రీలు క్వేకర్లు. మద్యాన్ని గట్టిగా వ్యతిరేకించే ఈ క్రైస్తవ శాఖ వాళ్లకు, సారా బదులు జనం తాగదగిన కోకో నచ్చిన సరుకు. బర్మింగ్‌హామ్‌లోని క్యాడ్‌బరీలు, బ్రిస్టల్‌లోని ఫ్రైలు కూడా క్వేకర్లే. ఇంగ్లండ్ చాక్లెట్ పరిశ్రమకు పునాది వేసింది ఈ మూడు కుటుంబాలే అన్నా తప్పు లేదు.

ఇప్పుడు మనకు తెలిసిన కడ్డీల చాక్లెట్ 1935 ఆగస్టు 29న లండన్‌లోనూ ఆగ్నేయ ఇంగ్లండ్‌లోనూ అమ్మకానికి వచ్చింది. ధర రెండు పెన్నీలు. పేరు మాత్రం అప్పటికి కిట్‌క్యాట్ కాదు, ‘రౌన్‌ట్రీస్ చాక్లెట్ క్రిస్ప్’. పనికి వెళ్లే మనిషి తన సంచిలో వేసుకుని పోగలిగే చాక్లెట్ ఉంటే బాగుంటుందని ఫ్యాక్టరీ సలహాల పెట్టెలో ఒక ఉద్యోగి చీటీ వేశాడనీ, ఆలోచన అక్కడే మొదలైందనీ చెబుతారు. చాక్లెట్ అంటే పండగలకు, పెళ్లిళ్లకు రిబ్బను కట్టి ఇచ్చే పెట్టె అనుకునే కాలంలో కూలివాడి జేబుకు అందే చాక్లెట్ తేవడం పెద్ద మార్పు. అప్పట్లో రౌన్‌ట్రీ అమ్మకాల బాధ్యత చూసిన జార్జ్ హ్యారిస్ హయాంలోనే ఏరో, స్మార్టీస్ కూడా వచ్చాయి.

పేరు చాక్లెట్ కన్నా పాతది. 18వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో రాజకీయ నాయకులు, రచయితలు కూడిన ఒక క్లబ్బును కిట్-క్యాట్ అనేవారు. రౌన్‌ట్రీ ఆ పేరును 1911లోనే తన పేరిట నమోదు చేయించుకుంది. 1920లలో ఒక చాక్లెట్ల పెట్టెకు వాడి తరవాత పక్కన పెట్టింది. 1937లో దాన్ని మళ్లీ బయటికి తీసి చాక్లెట్ క్రిస్ప్ ముందు చేర్చింది. కొన్నేళ్లకు తోక ఊడిపోయి కిట్‌క్యాట్ ఒక్కటే మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు పాల కొరత వచ్చింది. పాలు లేని చాక్లెట్ నల్లగా, కాస్త చేదుగా ఉంటుంది. కొన్నవాళ్లు మోసపోయామనుకోకుండా కంపెనీ ఎర్ర కాగితం తీసేసి నీలం కాగితం చుట్టింది. యుద్ధం ముగిసేదాకా పాత చాక్లెట్ చేయలేమనీ, ప్రస్తుతానికి దానికి దగ్గరగా ఉన్నది ఇదేననీ ఆ కాగితం మీదే ముద్రించింది. సరుకు మారితే మారిందని చెప్పి అమ్మిన ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది. పాలు దొరికాక 1947లో ఎరుపు తిరిగొచ్చింది. కాసేపు విరామం తీసుకోండి, కిట్‌క్యాట్ విరుచుకోండి అని రెండర్థాలూ ఒక్క ‘బ్రేక్’ మాటలో ఇమిడ్చిన ప్రకటన 1950ల చివర్లో మొదలై దేశదేశాలకూ పాకింది.

ఆ విరుపు వెనక కొంత శాస్త్రం ఉంది. కోకో వెన్న గడ్డకట్టేటప్పుడు దానిలోని స్ఫటికాలు రకరకాలుగా పేరుకోగలవు. సరైన రకం స్ఫటికాలు ఏర్పడేలా చాక్లెట్‌ను జాగ్రత్తగా వేడిచేసి, చల్లార్చి, కలియబెడతారు. అప్పుడే అది నిగనిగలాడుతుంది, పటుక్కున విరుగుతుంది. లోపలి వేఫర్‌కు చెమ్మ తగిలితే మెత్తబడిపోతుంది కనుక, పైపూత రుచితో పాటు రక్షణ కూడా. వేఫర్ల మధ్య పూసే ముద్దలో ఏముంటుందన్నది మరో విశేషం. తయారీలో విరిగినవీ, ఆకారం చెడినవీ పిండిగా నూరి ఆ ముద్దలో కలుపుతారు. అంటే ప్రతి కిట్‌క్యాట్ లోపలా మరికొన్ని కిట్‌క్యాట్‌లు ఉన్నట్టే.

1988లో స్విట్జర్లాండ్‌కు చెందిన నెస్లే సంస్థ రౌన్‌ట్రీని కొనేసింది. అమెరికాలో మాత్రం నేటికీ కిట్‌క్యాట్ తయారుచేసేది హెర్షీ సంస్థ. రౌన్‌ట్రీ 1970లో ఇచ్చిన హక్కు యజమాని మారినా హెర్షీ చేతిలోనే ఉండిపోయింది. 1999లో ఒకే లావుపాటి కడ్డీతో ‘చంకీ’ వచ్చింది. వెండి కాగితం మీద గోరుతో గీత గీసి కడ్డీ విరవడం పిల్లలకు సరదాగా ఉండేది. 2001 నుంచి బ్రిటన్‌లో మొత్తం అతికిన పొట్లం రావడంతో ఆ ముచ్చట పోయింది.

రకాల మాటకొస్తే జపాన్‌ది వేరే లోకం. అక్కడ ఇప్పటికి 300కు పైగా రుచులు వచ్చాయి. 2000లో హొక్కైదోలో తెచ్చిన స్ట్రాబెర్రీ రుచితో ఈ ఒరవడి ఊపందుకుంది. మచ్చా అనే పచ్చ తేయాకు పొడిది, ఒకినావా ఊదారంగు చిలగడదుంపది, షిజువోకా వసాబిది ఇలా ఏ ప్రాంతపు పంట పేరు ఆ ప్రాంతపు పెట్టె మీద కనిపిస్తుంది. ఊరెళ్లినవాళ్లు ఆఫీసువాళ్లకు, బంధువులకు అక్కడి తినుబండారం తేవడం జపాన్‌లో మర్యాద. కిట్‌క్యాట్ ఆ ఆచారంలోకి చక్కగా ఒదిగింది. జపనీస్ ఉచ్చారణలో దాని పేరు ‘కిత్తో కాత్సు’కు, అంటే ‘తప్పక గెలుస్తావు’ అన్న మాటకు దగ్గరగా ఉండడంతో పరీక్షలకు వెళ్లే పిల్లలకు శుభం కోరుతూ ఇవ్వడం మొదలైంది. 2009లో పోస్టాఫీసుల్లోనే కొని, మీద రెండు ముక్కలు రాసి పోస్టు చేసే ఏర్పాటు కూడా వచ్చింది.

భారతదేశానికి కిట్‌క్యాట్ వచ్చింది 1995లో. మన ఎండలు దానికి పెద్ద పరీక్ష. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అందుకే తెలుగునాట కొట్లలో వేసవిలో చాక్లెట్లు కూల్‌డ్రింకుల పక్కన ఫ్రిజ్‌లోకి చేరతాయి. ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడిన చాక్లెట్ మీద తెల్లటి పొర కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కోకో వెన్న. తింటే హాని లేదు కానీ మునుపటి విరుపు ఉండదు.

నాలుగు కడ్డీల ఆకారం తమకే సొంతమని నెస్లే న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి వాదించింది. ఆకారం చూడగానే కిట్‌క్యాట్ అని యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా జనం గుర్తుపడతారని రుజువు కాలేదంటూ 2018లో యూరోపియన్ న్యాయస్థానం ఆ వాదన తోసిపుచ్చింది. నెస్లేకు ఎదురు నిలిచిన మాండలీజ్ సంస్థ చేతిలో నార్వే చాక్లెట్ ‘క్విక్ లున్ష్’ ఉంది. దానికీ నాలుగు కడ్డీలే. 1937 నుంచి అమ్ముతున్న ఆ చాక్లెట్‌ను నార్వేవాళ్లు కొండలెక్కడానికో, మంచులో స్కీయింగ్‌కో బయలుదేరేటప్పుడు సంచిలో వేసుకుంటారు.