‘సర్కారీ ముసల్మాన్’ అన్న మాటకు ఒక జనరల్ జవాబు

శీర్షిక చదివి మనిషి మీద తీర్పు చెప్పేయడం మనలో చాలామందికి అలవాటైపోయింది. అలాంటి తీర్పులకు పలుమార్లు గురైన వ్యక్తి లెఫ్టినెంట్ జనరల్ జమీరుద్దీన్ షా. సినీనటుడు నసీరుద్దీన్ షాకు అన్నగారంటే మన ఇళ్లలో వెంటనే గుర్తుపడతారు. కానీ ఆయన పరిచయం అక్కడితో ఆగిపోకూడదు.

ఆయన 1968లో సైన్యంలోని ఫిరంగి దళంలో అధికారిగా చేరారు. 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలో జరిగిన లోంగేవాలా పోరులో పాల్గొన్నారు. సౌదీ అరేబియాలోని మన రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధిగా పనిచేశారు. డిప్యూటీ చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ హోదాలో 2008లో పదవీ విరమణ చేశారు. నలభై ఏళ్ల ఈ సేవ పత్రికల్లో పెద్దగా కనిపించలేదు. పత్రికలకెక్కినవి వేరే సంగతులు.

2002లో గుజరాత్ అల్లర్లు చెలరేగినప్పుడు, రాజస్థాన్‌లో మోహరించి ఉన్న ఆయన డివిజన్‌ను విమానాల్లో అహ్మదాబాద్‌కు తరలించారు. ఆ 54వ డివిజన్ కేంద్రం మన సికింద్రాబాదే. జవాన్లు దిగినా వాహనాలు అందక విలువైన సమయం విమానాశ్రయంలోనే గడిచిపోయిందని 2018లో వెలువడిన తన ఆత్మకథలో ఆయన రాశారు. సైన్యం రాకలో జాప్యం లేదని సుప్రీంకోర్టు నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందం అంతకుముందే తేల్చింది. ఈ వైరుధ్యం పెద్ద వార్త అయింది.

2012 నుంచి 2017 వరకు ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్నారు. మహిళా కళాశాల డిగ్రీ విద్యార్థినులను ప్రధాన గ్రంథాలయంలోకి అనుమతిస్తే అబ్బాయిలు నాలుగింతలు వస్తారని 2014లో ఆయన అన్న మాట దేశమంతా దుమారం రేపింది. ఆ మాట సరికాదని మేమూ అంటాం. అయితే ఆ ఆంక్ష ఆయన పెట్టింది కాదు, పాతదే. అక్కడ చోటు చాలని సమస్యా ఉంది. ఈ రెండు సంగతులూ ఎందరికి చేరాయి?

2022లో మరికొందరు ముస్లిం ప్రముఖులతో కలిసి ఆయన ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్‌ను కలిశారు. మనవారిలో కొందరు నొచ్చుకున్నారు, మరికొందరు మాట్లాడుకోవడం మంచిదేనన్నారు.

ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘ద సర్కారీ ముసల్మాన్’. సర్కారు కొలువు చేసే ముస్లింను సొంతవారే ఎత్తిపొడిచే మాట అది. బయటివారు కొందరు మన దేశభక్తిని శంకిస్తారు, ఇంటివారు కొందరు యూనిఫాం వేసుకున్నవాడి ఈమాన్‌ను శంకిస్తారు. ఆ రెండు అనుమానాల మధ్య నడిచిన మనిషి ఆ ఎత్తిపొడుపునే అట్ట మీద అచ్చు వేయించుకున్నారు.

వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమని, తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా మనకు బోధిస్తోంది. జనరల్ షా చెప్పిన ప్రతి మాటనూ ఒప్పుకోమని మేము కోరడం లేదు. పూర్తిగా తెలుసుకున్నాకే విభేదించమంటున్నాం.

రేపు మన ఇంట్లో ఒక అబ్బాయో అమ్మాయో సైన్యంలో చేరతాననవచ్చు. ‘సర్కారీ’ అన్న ఎగతాళి వారికి ముందుగా మన వసారాలోనే వినిపించకూడదు.