రైతు – రౌతు

మన భాషలో రైతు, రౌతు అను రెండు మాటలకు వ్రాతయందు భేదము ఐత్వ ఔత్వములు మాత్రమే. మొదటిది అరబ్బీ ‘రయ్యత్’ నుండి వచ్చినది. రెండవది సంస్కృత ‘రాజపుత్ర’ శబ్దభవమని పండితులు చెప్పుదురు. అక్షరములలో నింత చేరువగా నున్న యీ యిరువురు తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలలో నింత దూరమగుటకు కారణమేమి? నాగలి పట్టిన చేయి కళ్లెము పట్టనేరదా?

రేపల్లెకు చేరువనున్న చందవోలు పన్నెండవ శతాబ్దిలో వెలనాటి చోడుల రాజధాని. వారు చతుర్థాన్వయులమని శాసనములందు సగర్వముగా చెప్పుకొనిరి. అంతదూర మేల? 1756లో క్లైవు చెన్నపట్టణము నుండి వంగదేశమునకు గొనిపోయిన సిపాయీలలో తెలుగువారుండుటచేత, ఉత్తరాదిని సిపాయికే ‘తిలంగా’ యను పేరు స్థిరపడెను. మద్రాసు గుఱ్ఱపు పటాలములలో ముస్లిములు హెచ్చు. తెలుగు రైతుబిడ్డ ప్రాయికముగా పదాతియే. అయినను సైనికుడే.

1881 మొదలు 1885 వరకు మద్రాసు సేనాధిపతిగా నున్న రాబర్ట్సు దొర, దీర్ఘకాల శాంతివలన దక్షిణాదివారి శౌర్యము సన్నగిల్లినదని తలచి, 1897లో వెలువరించిన తన గ్రంథమున నట్లే వ్రాసెను. ఆయుధములు లాగికొని, యుద్ధమునకు పంపక, పిమ్మట పిరికివాడనుట మంచి తర్కమే! దొరగారు హిందూస్థాన సేనాధిపతియైన పిదప దక్షిణాది పటాలములు క్రమముగా ఉత్తరాదివారితో నింపబడెను.

అక్కడి రౌతు జీవితమెట్టిది? సిల్లాదారీ పద్ధతిని చేరగోరు రైతు గుఱ్ఱమును తానే తేవలెను, లేదా దాని వెల ధరావతు కట్టవలెను. తుపాకియు మందుగుండును మాత్రమే సర్కారువి. మేతయు నెలజీతము నుండియే. కొలువు విడుచునాడు ధరావతు తిరిగి ముట్టును. కావున కలిగిన కాపు కుటుంబముల వారే చేరుచుండిరి. ఈ పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధానంతరము రద్దయ్యెను. పంజాబులో జీలం కాలువక్రింద, పటాలములకై ఆడుగుఱ్ఱములను పెంచు షరతుపై భూములే యిచ్చిరి. మనకును 1855లో కృష్ణానదిపై ఆనకట్ట వచ్చినది, కాలువలు వచ్చినవి. గుఱ్ఱము మాత్రము రాలేదు. (వరిచేని బురదలో దానికి పనియు లేదనుకొనుడు.)

దీని ఫలము మెడలో పతకము కాదు, రాజ్యముతో బేరమాడు బలము. 1907లో పంజాబు కాలువ రైతులు వలసభూముల బిల్లుపై తిరుగబడగా, వారి అన్నదమ్ములు పటాలములలో నున్నారను భయమున వైస్రాయి మింటో ఆ బిల్లునకు సమ్మతి నిరాకరించెను. 1922లో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్ను నిరాకరించినపుడో? బిల్లు రాలేదు, రూథర్‌ఫర్డు దొర వచ్చెను. సాయుధ బలములు వచ్చెను. పర్వతనేని వీరయ్య చౌదరి కూర్చిన శాంతిసేనకు గుఱ్ఱము లేదు, కత్తి లేదు. జప్తుచేసిన సొత్తును వేలమునందు కొనువాడు లేకపోయెను. ఆ ఫిబ్రవరిలోనే ఉద్యమము నిలుపబడెను గాని, ఆ కొలదివారములు చూచినవారెవ్వరును ఆ రైతును పిరికివాడనజాలరు.

ఇక గుఱ్ఱపు పటాలముల మాట. 1776లో ఆర్కాటు నవాబు కొలువున పుట్టిన పాత మద్రాసు పటాలము, 16వ లైట్ కావల్రీ, 1940లో గుఱ్ఱములు విడిచి మోటారు బండ్లెక్కెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అందు మరల దక్షిణాదివారిని చేర్చుకొనిరి. 1965లో సియాల్‌కోట రంగమున ఆ పటాలపు సెంచూరియన్ టాంకులను నడిపినవారు వారే. రాబర్ట్సు దొర గ్రంథమునకు అప్పటికి 68 ఏండ్లు.