పోపుల పెట్టె అడుగున

తెలుగింటి వంటగదిలో పోపుల పెట్టెకు రెండు పనులు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు, ఎండుమిరపకాయలు వేరువేరు అరలలో దాచుట మొదటిది. అది అందరును ఎరిగినదే. రెండవది ఇల్లాలికి మాత్రమే తెలిసినది. మెంతుల అర అడుగున మడతమీద మడతగా ఒదిగిన ఒక నోటు, దాని ప్రక్కన రెండు మూడు నాణెములు. అవి సంతలో బేరమాడి మిగిల్చినవో, పాల పద్దులో మిగిలినవో, పండుగనాడు పుట్టింటివారు చేతిలో పెట్టినవో ఎవరును అడుగరు. నెలాఖరున బిడ్డకు జ్వరము వచ్చి ఇంటాయన దిక్కులు చూచుచుండగా ఆ నోటు బయటికి వచ్చును. "ఎక్కడిది?" అని ఆయన అడుగును. "ఉన్నది లెండి" అని ఆమె అనును. తెలుగు సంసారముల ఆర్థికశాస్త్రము చాలవరకు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.

పొదుపు అనగా ఖర్చు మానుట అని పలువురు తలంతురు. ఇంటి గుట్టు తెలిసినవారు అట్లు తలపరు. పొదుపు అనగా ముందు కాలమెరిగి కొనుట. సంక్రాంతి మొదలు ఉగాది దాటువరకు కొత్త కందులు, కొత్త మిరప, కొత్త చింతపండు ఒకదాని వెనుక నొకటి అంగడికి దిగును. ఆ దినములలో ఏడాదికి సరిపడ కొని దాచుకొన్న ఇంటికి శ్రావణ భాద్రపదములలో ధర లెగసినను బెదురులేదు. కొన్నంతమాత్రమున చాలదు, నిలువ చేయుట తెలియవలెను. చింతపండునకు పిక్కలు, ఈనెలు తీసి, ఉప్పు చేర్చి, కుండలో అదిమిపెట్టుదురు. కందిపప్పునకు ఆముదము రాచి ఎండబెట్టిన పురుగు పట్టదు. బియ్యపు కుండలో ఎండిన వేపాకు వేయుదురు. వేసవిలో మామిడికాయ పులుపు తగ్గకమునుపే, టెంక గట్టిపడిన అదను చూచి ఆవకాయ పెట్టుదురు. ఆ జాడీ నోరూరించుటకు మాత్రమే పుట్టినది కాదు; కూర కొనలేని దినములకు అది భరోసా.

పొదుపులో రెండవ పాఠము, ఒక వస్తువుచేత రెండు మూడు పనులు చేయించుట. బీరకాయ కండ కూరకు, తొక్కు పచ్చడికి. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితికి. గంజిలో కొంత ఉప్పు వేసి త్రాగుటకు, కొంత నూలు బట్టలకు పెట్టుటకు. రాత్రి మిగిలిన అన్నము తెల్లవారి చద్ది యగును. గోదావరి, విశాఖ ప్రాంతములలో వేసవి వచ్చినంతనే గంజినీటితో పులియబెట్టిన తరవాణి కుండ ఒక మూల చల్లగా కూర్చుండును. చీర పాతబడిన ఉయ్యాల యగును. ఉయ్యాల చినిగిన బొంతలోని పొర యగును. ఆ పొరయు పనికిరాకపోయిన పొయ్యిమీది గిన్నెను దింపు మసిగుడ్డ యగును. ఇన్ని జన్మలెత్తిన తరువాత గాని ఆ నూలుకు మోక్షము లేదు.

మూడవ పాఠము గుప్పెడు బియ్యము. ఎసటిలో పోయుటకు కొలిచిన బియ్యమునుండి ఒక గుప్పెడు తీసి వేరొక కుండలో వేయుట పెక్కు ఇండ్లలో ఆచారము. గుప్పెడు 50 గ్రాములే అనుకొన్నను నెలకు కిలోన్నర. పంటలు పోయిన ఏడు ఆ కుండయే ఇంటివారికి ప్రాణము నిలిపెడిది. మంచి ఏట గుడికో, బిచ్చమునకో, చుట్టపుచూపునకో ఉపయోగపడెడిది. "పిండికొద్దీ రొట్టె" అను సామెతకు అర్థము చిన్న రొట్టెతో సరిపెట్టుకొమ్మని మాత్రమే కాదు. పిండి ఎంత యున్నదో ముందు చూచుకొమ్మని.

ఈ లెక్క నాణెముల కాలమున కంటికి కనబడెడిది. రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు. బేడ, పావలా, అర్ధరూపాయి అని దేని పేరు దానిదే. కొంగున ముడివేసిన కానికి కొత్తిమీర కట్టయో, కరివేపాకు రెబ్బయో లెక్క. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయిని 100 నయాపైసలుగా విభజించినపుడు అణాలలో ఆలోచించుట కలవాటుపడిన ఇల్లాండ్రు కొంతకాలము రెండు లెక్కలు మోసిరి. 1964లో ఆ నాణెము పేరులోని "నయా" జారిపోయెను. 2011లో పావలా నాణెము చెలామణినుండి తొలగిపోయెను. నాణెము పోయినను మాట పోలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహిళా సంఘముల అప్పులకు "పావలా వడ్డీ" పథకము ప్రకటించినపుడు, నూటికి నెలకు 25 పైసలు, అనగా ఏడాదికి 3 రూపాయలు అని ఎవరికిని విడమరచి చెప్పవలసిన పని లేకపోయెను.

అప్పు మాట వచ్చినది గనుక దానిని గూర్చియు చెప్పవలెను. "అప్పుచేసి పప్పుకూడు" అని తెలుగువారు ఎగతాళి చేసికొందురు. 1959లో ఆ పేర ఒక చలనచిత్రమే వచ్చి నవ్వించినది. అంగడి గోడమీద "అరువు రేపు" అని వ్రాసియుండును. ఆ రేపు ఎన్నటికిని రాదు. అయినను అదే అంగడివాని దగ్గర పెక్కు ఇండ్లకు ఖాతాపుస్తకముండును. నెల మొదటి తేదీన జీతములో కొంత ఆ పుస్తకమునకు పోవును. రొక్కమిచ్చి కొనువాడు బేరమాడగలడు. ఖాతాలో కొనువాడు అంగడివాడు చెప్పిన ధరకు తల యూపవలెను. కావున పొదుపు లేనివాడు అప్పునకు వడ్డీయే గాక, సరకునకు ఎక్కువ ధరయు చెల్లించును. బీదవాని బ్రదుకు ధనికుని బ్రదుకుకంటె ఖరీదైన దగుట ఇట్లే.

ఇంతవరకు చెప్పినది నేర్పును గూర్చి. ఈ నేర్పునకు మూల్యము చెల్లించిన దెవరు అన్న ప్రశ్న మాత్రము మన ఇండ్లలో అరుదుగా వినబడినది. పెరుగు చాలనినాడు ఎవరి విస్తరిలో మజ్జిగ పడినది? అందరును తిన్న తరువాత గిన్నె గోకికొన్న దెవరు? కొత్తబట్ట పిల్లలకును పెద్దలకును సరిపోయి ఒక్కరికి చాలనపుడు ఆ ఒక్కరు ఎవరు? "నాకు ఆకలి లేదు" అను మాట తెలుగిండ్లలో ఎన్ని పూటల భోజనమును పొదుపు చేసినదో ఏ పద్దుపుస్తకములోను ఎక్కలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దానికి కారణములు పెక్కు. కడపటి విస్తరి వానిలో ఒకటి కాదనుట కష్టము. నలుగురును తలా కొంత తగ్గించుకొన్న అది పొదుపు. ఒక్కరే తగ్గించుకొన్న అది పొదుపు కాదు, పస్తు.

పోపుల పెట్టెలోని నోటు దాగియుండుటకును ఇదే మూలము. తన యింటి డబ్బును ఇల్లాలు ఎందుకు దాచవలెను? ఆ డబ్బు తనదని చెప్పు హక్కు లేదు గనుక. చెప్పిన మరుక్షణము అది బావమరది బాకీకో, పేకాటకో, కల్లుపాకకో పోవునన్న భయముండుటచేత. ఆ భయము లేని ఇండ్లును కలవు; అక్కడను అలవాటు పోలేదు. దాచిన డబ్బు ఆమెకు ఆస్తియే కాదు, మాట చెల్లుబడి. ఆ నోటున్నంతకాలము ఆమె ఎవరి యెదుటను చేయి చాపనక్కరలేదు.

ఈ రహస్యము 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఒక్కసారిగా బట్టబయలైనది. 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వెలువడెను. మెంతుల అరలు, బియ్యపు డబ్బాలు, పట్టుచీరల మడతలు తెరవక తప్పలేదు. ఏండ్ల తరబడి నోరు విప్పని ఇల్లాండ్రు "నా దగ్గర కొంత ఉన్నది" అని చెప్పవలసివచ్చెను. ఇంతకాలము ఇంత దాచినదా అని ఆశ్చర్యపడిన వారును కలరు, అలిగిన వారును కలరు. రెండున్నర లక్షలవరకు బ్యాంకులో వేసికొన్నచో ఆదాయపు పన్నువారు ప్రశ్నింపరని ప్రభుత్వము హామీ ఇచ్చెను. ఇంటిలో ఎవరును ప్రశ్నింపకుండ ఉత్తరువు జారీచేయుట మాత్రము ఏ ప్రభుత్వమునకు సాధ్యము?

దాచకుండ పొదుపు చేయుటకు దారి కలదా? కలదని నెల్లూరు జిల్లా స్త్రీలు అంతకు పాతికేండ్ల ముందే చూపిరి. 1980వ దశకమున "వారుణి వాహిని" పేరిట ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చుచుండెను. కూలి డబ్బు ఇల్లు చేరకమునుపే సారా దుకాణము చేరెడిది. అటువంటి ఇంటిలో గుప్పెడు బియ్యపు కుండయు నిలువదు. పోపుల పెట్టెయు నిలువదు. అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు అక్షరములతోపాటు తమ బ్రదుకును గూర్చియు మాటలాడుకొనిరి. దూబగుంటలో రోశమ్మ మొదలగువారు ఊరినుండి సారాను తరిమిరి. ఆ వార్త బడినుండి బడికి ప్రాకి, 1992లో జిల్లా అంతటను సారా వేలముపాటలను స్త్రీలు అడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను.

సారా పోయిన పిమ్మట చేతిలో రూపాయి మిగిలినది. దానిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు నెల్లూరు జిల్లాలో వచ్చిన జవాబు "పొదుపు లక్ష్మి". దినమునకు ఒక్క రూపాయి. పదునైదుమంది చేరిన సంఘములో నెలకు 450 రూపాయలు, ఏడాదికి 5,400. పెద్ద మొత్తము కాదు. అయినను అవసరమునకు అందులోనుండి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తీసికొన్న స్త్రీకి, ఊరిలో నూటికి నెలకు ఐదు రూపాయలు పిండు వడ్డీవానితో పని లేదు. ఏడాదికి నూటికి 60 రూపాయలు కట్టవలసినచోట 24 కట్టును. ఆ 24 అయినను తన సంఘమునకే చేరును. 1992లోనే సంఘములను బ్యాంకులతో ముడివేయు పథకమును నాబార్డు ప్రారంభించినది. తరువాతి ఏండ్లలో ఈ సంఘములు తెలుగునాట ఊరూర వెలసినవి.

రూపాయి పాతదే; దాచు చోటు మారినది. మెంతుల అరలో నున్న రూపాయిని గూర్చి ఒక్కతెకే తెలియును. సంఘపు పుస్తకములోని రూపాయి పదునైదుమంది ఎరిగినది. దానిని ఇంటాయన అడుగవలెనన్న పదునైదుమందిని అడుగవలెను. రహస్యము చేయలేని రక్షణను బహిరంగత చేసినది.

అయితే ఇదియు ప్రమాదము లేని మార్గము కాదు. అందరును కలసికట్టుగా నుండుటయే సంఘపు బలము. లాభాపేక్షగల సూక్ష్మరుణ వ్యాపారులు ఆ కలయికనే అప్పునకు హామీగా మార్చుకొనిరి. ఒకతె కట్టలేనిచో తక్కినవారు ఆమె గుమ్మము ముందు కూర్చుండవలసివచ్చెను. ఒక అప్పు తీర్చుటకు వేరొక అప్పు చేసినవారును, వసూళ్ల వేధింపునకు ప్రాణము తీసికొన్నవారును కలరు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యాపారమునకు పగ్గము వేసెను. పొదుపు ముందు, అప్పు వెనుక అన్న వరుస తారుమారైనపుడు పేరు ఏదైనను ఫలితము ఒక్కటే.

నేటి సంసారమునకు వేరొక చిక్కు వచ్చినది. 2016 తరువాత చేతిఫోనుతో చెల్లింపులు వాడుకకు వచ్చి కూరగాయల బండివరకు ప్రాకినవి. సౌకర్యమే, కాని కొంగుముడి విప్పి ఇచ్చునపుడు కలుగు సంకోచము వ్రేలితో తాకునపుడు కలుగదు. చిల్లర మిగులదు, మిగిలిన చిల్లర పడవేయుటకు అరయు లేదు. కావున మన పెద్దలు చేసిన పని ఇప్పుడు ఎక్కువగా చేయవలసియున్నది: పద్దు వ్రాయుట. అది ఒకరు వ్రాసి వేరొకరిని తప్పుపట్టు పద్దు కారాదు. నెలకొకసారి భార్యయు భర్తయు, ఎదిగిన పిల్లలును కూర్చుండి చదువుకొను పద్దు కావలెను. ఎవరి ఖర్చు తగ్గినదో, ఎవరిది ఎన్నడును తగ్గలేదో ఆ పుటలో దాగదు. ఇల్లాలి పేర ఒక ఖాతాయు, ఆ ఖాతాను గూర్చి ఇంటిలో ఎవరును సంజాయిషీ కోరని మర్యాదయు ఉండవలెను.

అటువంటి ఇంటిలో పొదుపు తరుగదు, పెరుగును. గుప్పెడు బియ్యము కుండలో పడుచునే యుండును. ఆవకాయ జాడీ అటకమీద నుండును. నెలాఖరున బిడ్డకు జ్వరము వచ్చినపుడు "ఎక్కడిది?" అన్న ప్రశ్న పుట్టదు, ఎంత యున్నదో ఇద్దరికిని తెలియును. పోపుల పెట్టెలో మెంతుల అర అడుగుదాక మెంతులే యుండును.