పీహెచ్‌డీలో మొదటి మెట్టు కోర్సువర్కు
(మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేయాలనుకునే హాస్టల్ విద్యార్థుల కోసం)

పీహెచ్‌డీ అనగానే మనలో చాలామందికి లావుపాటి అట్ట పుస్తకం, పేరుకు ముందు ‘డాక్టర్’ అన్న మాట గుర్తుకు వస్తాయి. సీటు వస్తే చాలు, ఇక గైడు గారు చెప్పినట్టు రాసుకుంటూ పోవడమే అనుకుంటాం. కానీ ఆ పుస్తకానికి ముందు తరగతులు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి, దాటవలసిన మార్కుల గీత ఉంది. దీనినే కోర్సువర్కు అంటారు. మన విశ్వవిద్యాలయాల్లో పాతవారు ‘ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు’ అని పిలిచేది కూడా దీనినే. మన హాస్టళ్ళలో ఎం.బి.ఏ., ఎం.కాం. చదివి పరిశోధన వైపు చూస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దీని గురించి ముందే తెలుసుకోవడం ఎంతో అవసరం.

నిబంధనలు ఏమంటున్నాయి?

యూజీసీ 2009లో పీహెచ్‌డీకి కోర్సువర్కును తప్పనిసరి చేసింది. 2016 నిబంధనల్లో దానిని 8 నుండి 16 క్రెడిట్లుగా నిర్ణయించింది. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు. వీటి ప్రకారం కనీసం 12 క్రెడిట్లు పూర్తి చేయాలి. ఒక క్రెడిట్ అంటే సుమారు 15 గంటల పాఠం. అంటే మొత్తం దాదాపు 180 గంటలు తరగతిలో కూర్చోవాలి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఇది మొదటి ఒకటి, రెండు సెమిస్టర్లలో ముగుస్తుంది.

ఇందులో కనీసం 55 శాతం మార్కులు లేదా దానికి సమానమైన గ్రేడు రావాలి. అది రాకపోతే పరిశోధనలో కొనసాగడానికి గానీ, సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి గానీ అర్హత ఉండదు. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ప్రవేశానికి పీజీలో 55 శాతం కావాలి. అక్కడ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి, వికలాంగులకు 5 శాతం సడలింపు ఉంది. కోర్సువర్కు నియమంలో అటువంటి సడలింపు మాట లేదు. కాబట్టి ‘మనకు 50 వస్తే చాలులే’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఏమేమి చదవాలి?

మొదటిది రీసెర్చ్ మెథడాలజీ, అంటే పరిశోధన చేసే పద్ధతి. సమస్యను ఎలా ఎంచుకోవాలి, ఇంతకు ముందు ఎవరెవరు ఏం రాశారో ఎలా చూడాలి, ప్రశ్నావళి ఎలా తయారు చేయాలి, ఎంతమందిని ఏ పద్ధతిలో ఎంపిక చేసి అడగాలి, వచ్చిన అంకెలను ఎలా విశ్లేషించాలి అన్నవి ఇందులో ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘రైతు బజారులో అమ్మే రైతుకు దళారికి అమ్మే రైతుకంటే ఎక్కువ మిగులుతుందా?’ అన్నది మీ ప్రశ్న అనుకోండి. బజారుకు వెళ్ళి ఎదురైన పదిమందిని అడిగి ‘అవును’ అని రాస్తే అది పరిశోధన కాదు. ఏ బజార్లు, ఏ పంట, ఏ నెలలు, ఎంతమంది రైతులు, రవాణా ఖర్చు లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నవి ముందే తేల్చుకోవాలి. రెండు రకాల రైతుల సగటు మిగులులో కనిపించిన తేడా నిజమైనదా, లేక మనం ఎంచుకున్న మనుషులను బట్టి యాదృచ్ఛికంగా వచ్చిందా అని చూడటానికి టి-పరీక్ష అనే లెక్క ఉంది.

ఈ టి-పరీక్ష పేరు వినగానే ఆర్ట్స్, కామర్స్ వాళ్ళం బెదిరిపోతాం. కానీ దీని పుట్టుక ఒక వ్యాపార సంస్థలోనే జరిగింది. డబ్లిన్ నగరంలోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ కొద్దిపాటి నమూనాలతోనే నిర్ణయానికి రావడం ఎలా అని ఆలోచించి దీనికి పునాది వేశాడు. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. పనిలో వచ్చిన అవసరం నుండి పుట్టిన లెక్క ఇది. పదవ తరగతి గణితం వచ్చినవారు ఓపికగా కూర్చుంటే తప్పక వస్తుంది.

రెండవది రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్, అంటే పరిశోధనలో, ప్రచురణలో పాటించవలసిన నీతి. 2019లో యూజీసీ నిర్ణయించిన ఈ కోర్సు 2 క్రెడిట్లు, 30 గంటలు. ఇతరుల రాతను మనదిగా చూపడం, లేని లెక్కలు సృష్టించడం, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చు వేసే పత్రికల మోసం, ఇవన్నీ ఇందులో చెబుతారు. ఇది పేరుకు చిన్న పేపరే గానీ తేలికగా తీసుకోకూడదు. 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇంగ్లీషులో సొంతంగా రాయడానికి జంకి, పుస్తకంలోని వాక్యాలను అలాగే ఎత్తి రాసే అలవాటు మనలో చాలామందికి బడి నుండే ఉంది. ఆ అలవాటు వదిలించుకోవలసిన చోటు ఇదే.

మిగిలినవి మన అంశానికి సంబంధించిన పేపర్లు. మార్కెటింగ్, ఫైనాన్స్, మానవ వనరులు, ఇలా ఎవరి విభాగం వారిది. పరిశోధన సలహా సంఘం సిఫారసు చేస్తే యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సులను కూడా ఈ క్రెడిట్లలో కలుపుకోవచ్చు.

ఐఐఎంలలో ఎలా ఉంటుంది?

ఐఐఎంలలో పూర్వం ఇచ్చినది ‘ఫెలో’ అనే అర్హత. 2017 నాటి ఐఐఎం చట్టం 2018 జనవరి 31న అమలులోకి వచ్చాక అవి పీహెచ్‌డీ పట్టాలే ఇస్తున్నాయి. అక్కడ కోర్సువర్కు చాలా పెద్దది. సాధారణంగా మొదటి రెండేళ్ళు తరగతులే ఉంటాయి. ఆర్థిక శాస్త్రం, గణాంక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం వంటివి కూడా చదివిస్తారు. ఆపైన సమగ్ర పరీక్ష పెడతారు. అది దాటాకే సిద్ధాంత గ్రంథం పని మొదలవుతుంది. మన విశాఖపట్నం ఐఐఎంలో కూడా పీహెచ్‌డీ ఉంది.

కాలం, డబ్బు లెక్క

కోర్సువర్కుతో కలిపి పీహెచ్‌డీకి కనీస గడువు 3 సంవత్సరాలు, గరిష్ఠం 6 సంవత్సరాలు. మరో రెండేళ్ళ వరకు పొడిగింపు పొందవచ్చు. ఆపైన మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళు సడలింపు ఉంది. కానీ ఫెలోషిప్ అన్ని సంవత్సరాలు రాదు. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ స్థాయిలో 42,000 రూపాయలు. రెండూ కలిపి 5 సంవత్సరాలకు మించవు. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ కూడా ఇదే రేటుతో వస్తుంది. కోర్సువర్కు పేపరు తప్పి ఒక సెమిస్టరు పోయిందంటే, చివరలో ఫెలోషిప్ లేకుండా గడపవలసిన ఆరు నెలలు అవే. ఇంటి నుండి డబ్బు పంపగలిగిన వారికి అది ఆలస్యం మాత్రమే. మనవంటి కుటుంబాల వారికి చదువే ఆగిపోయే ప్రమాదం.

మనం ఎలా చూడాలి?

చాలామంది కోర్సువర్కును అడ్డంకిగా చూస్తారు. మన హాస్టల్ విద్యార్థి అలా చూడకూడదు. ప్రొఫెసర్ల ఇళ్ళలో పుట్టిన పిల్లలకు పరిశోధన పత్రం ఎలా చదవాలో భోజనాల దగ్గరే తెలుస్తుంది. మనకు అది చెప్పేవారు ఇంట్లో లేరు. ఆ లోటు తీర్చుకోవడానికి విశ్వవిద్యాలయం ఇచ్చే 180 గంటలు ఇవే. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం సహాయంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు ఆర్థిక శాస్త్రంతో ఆగలేదు. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతుల్లో కూడా కూర్చున్నారు. ఆ విస్తృతమైన చదువే ఆయన రచనల్లో మనకు కనిపిస్తుంది.

ఇప్పుడే చేయగలిగినవి

• డిగ్రీ, పీజీలో ఉన్నవారు గణాంక శాస్త్రం పేపరును వదలకండి. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం చేతితో లెక్క వేయడం నేర్చుకోండి. తరువాత కంప్యూటరులో ఎక్సెల్, ఉచితంగా దొరికే ‘ఆర్’ నేర్చుకోవచ్చు.
• ‘స్వయం’ వేదికలో రీసెర్చ్ మెథడాలజీ పాఠాలు ఉచితంగా వినండి. పరీక్ష రాయాలంటేనే రుసుము ఉంటుంది.
• వారానికి ఒక పరిశోధన పత్రం చదివి, దాని సారాంశాన్ని ముందు తెలుగులో, తరువాత సొంత ఇంగ్లీషులో పది వాక్యాల్లో రాయండి.
• సీటు వచ్చిన రోజునే ఆ విశ్వవిద్యాలయం కోర్సువర్కు సిలబస్, హాజరు నియమం, తప్పితే మళ్ళీ రాసే అవకాశాలు రాతపూర్వకంగా తెలుసుకోండి.
• ముగ్గురు నలుగురు కలిసి చదవండి. స్టడీ అవర్‌లో ఒకరికి రాని లెక్క మరొకరు చెప్పడం మనకు హాస్టల్ నేర్పిన విద్యే.

పరిశోధనలో చేరిన మన హాస్టల్ విద్యార్థులందరూ మొదటి మెట్టు దగ్గర ఆగకుండా, సిద్ధాంత గ్రంథం సమర్పించి పట్టాతో తిరిగి రావాలని మనసారా కోరుకుంటూ సెలవు.