నెట్‌ పోయినా.. సొమ్ము పోకుండా!

ఇంటి నుంచే ట్రేడింగ్‌ చేయాలనుకుంటున్నారా? అయితే చార్టులు చదవడంతో పాటు బ్యాకప్‌ ఏర్పాట్లూ తెలిసుండాలి.

స్టాక్‌ మార్కెట్‌ ఉదయం 9.15కు మొదలై మధ్యాహ్నం 3.30కు ముగుస్తుంది. ఈలోగా మన వీధిలో కరెంటు పోవచ్చు, కేబుల్‌ తెగొచ్చు. కొన్న షేరు ధర పడుతూనే ఉంటుంది. మనమేమో రూటర్‌లో ఎర్రలైటు చూస్తూ కూర్చుంటాం!

2021 ఫిబ్రవరి 24న నేషనల్‌ స్టాక్‌ ఎక్స్ఛేంజ్‌లోనే సాంకేతిక సమస్యతో 11.40కి ట్రేడింగ్‌ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది 3.45కు. ఆ రోజు సమయాన్ని సాయంత్రం 5 వరకు పొడిగించారు. మన ఇంట్లో నెట్‌ పోతే అలా పొడిగించేవాళ్లెవరూ ఉండరు. మన జాగ్రత్త మనమే పడాలి.

స్టాప్‌లాస్‌తోనే మొదలు

‘ఇంతకు పడితే అమ్మేద్దాం’ అని మనసులో అనుకుంటే, నెట్‌ పోగానే ఆ నిర్ణయం మనసులోనే ఉండిపోతుంది. కొన్న వెంటనే స్టాప్‌లాస్‌ ఆర్డరు పెట్టేస్తే అది మన కంప్యూటర్‌ ఆఫ్‌ అయినా పనిచేస్తుంది. ధర ఒక్కసారిగా జారితే అనుకున్న రేటే దక్కుతుందన్న హామీ లేదు. అయినా ఏ రక్షణా లేకపోవడం కంటే నయమే కదా.

రెండో దారి

- బ్రాడ్‌బ్యాండ్‌ ఒక కంపెనీది, ఫోన్‌ డేటా మరో కంపెనీది ఉండాలి. రెండూ ఒకే కంపెనీవైతే ఒకేసారి ఆగిపోవచ్చు.
- డెస్క్‌టాప్‌కు యూపీఎస్‌ ఉంటే సరిపోదు. రూటర్‌కూ చిన్న యూపీఎస్‌ పెట్టాలి.
- ఫోన్‌లో బ్రోకర్‌ యాప్‌ లాగిన్‌ చేసి సిద్ధంగా ఉంచుకోండి. క్లయింట్‌ ఐడీ, ఫోన్‌లో ఆర్డరు తీసుకునే బ్రోకర్‌ నంబరు కాగితం మీద రాసుకోండి. పాస్‌వర్డ్‌ మాత్రం రాయొద్దు.

సమస్య బ్రోకర్‌ దగ్గరే వస్తే? అందుకోసం 2023 అక్టోబరులో ‘ఇర్రా’ అనే వేదిక వచ్చింది. బ్రోకర్‌ సిస్టమ్‌లు మొరాయించి ఈ సేవ తెరిచినప్పుడు ఎస్‌ఎంఎస్‌, ఈమెయిల్‌లో లింకు వస్తుంది. ఉన్న పొజిషన్లు మూసేయొచ్చు, పెండింగ్‌ ఆర్డర్లు రద్దు చేయొచ్చు. కొత్తగా కొనడం కుదరదు. మన ఇంటి నెట్‌ సమస్యకు మాత్రం ఇది పనికిరాదు.

డేటా మూడు చోట్ల

కాంట్రాక్టు నోట్లు, లాభనష్టాల స్టేట్‌మెంట్లు, ట్రేడింగ్‌ డైరీ పోతే రిటర్న్‌ వేసేటప్పుడు తిప్పలే. ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌ నష్టాన్ని 8 ఏళ్ల వరకు, ఇంట్రాడే నష్టాన్ని 4 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లే వీలుంది. ఆ లెక్కకు రుజువులు కావాలి. కాబట్టి ‘3-2-1’ సూత్రం పాటించండి. మొత్తం 3 కాపీలు, 2 రకాల పరికరాల్లో, అందులో 1 ఇంటి బయట. ల్యాప్‌టాప్‌, పెన్‌డ్రైవ్‌, క్లౌడ్‌ అన్నమాట.

క్లౌడ్‌తో సింక్‌ అవుతోంది కదా అని పెన్‌డ్రైవ్‌ను వదిలేయొద్దు. ల్యాప్‌టాప్‌లో ఫైలు డిలీట్‌ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ఇంకోటి.. లాగిన్‌ కోడ్‌లు ఇచ్చే యాప్‌ ఒక్క ఫోన్‌లోనే ఉంటే, ఆ ఫోన్‌ పోయిన రోజు ఖాతా తలుపు మూసుకున్నట్టే. దాని సెటప్‌ కీని భద్రంగా దాచుకోండి.

ఇదీ గుర్తుంచుకోండి!

2022-24 ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. ఎంత గట్టి బ్యాకప్‌ ఉన్నా తప్పుడు ట్రేడ్‌ను కాపాడలేదు. ఉద్యోగ ప్రయత్నాలు పక్కన పెట్టి, ఫీజు డబ్బులతో ఇందులోకి దిగకండి.

ట్రేడింగ్‌ చేస్తున్నవాళ్లకు ఈ శనివారం ఓ పరీక్ష. మార్కెట్‌కు సెలవే కాబట్టి రూటర్‌ ప్లగ్‌ తీసేయండి. ఫోన్‌ డేటాతో ఖాతాలోకి వెళ్లి ఆర్డర్ల పేజీ తెరవడానికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. 2 నిమిషాలు దాటితే ఏర్పాట్లు ఇంకా సరిచేసుకోవాల్సిందే!